నురగ దిగేదాకా

మంగళవారం పొద్దున్న మిలాడా కొట్టు తెరిచేసరికి బీరు కుళాయి పక్కనున్న ఇత్తడి స్తంభానికి ఒక అట్టముక్క అంటించి ఉంది. దాని మీద ఎర్ర సిరాతో ఒకే ఒక్క అంకె. నూట ఆరు.

యాభై లీటర్ల పీపాలోంచి అరలీటరు గ్లాసులు ఎన్ని వస్తాయని బడిపిల్లాడిని అడిగితే వంద అంటాడు. కుళాయి దగ్గర నిలబడి బతికినవాళ్ళని అడిగితే తొంభై ఎనిమిది అంటారు. గొట్టంలో కొంత నిలిచిపోతుంది, పొద్దున్నే వచ్చే మొదటి నురగ పారబొయ్యక తప్పదు, పీపా మార్చేటప్పుడు కొంత చిమ్ముతుంది. 'గుడ్లగూబ' బీరుకొట్టులో ముప్పై ఒక్క ఏళ్ళుగా మిలాడా చేతి లెక్క తొంభై ఎనిమిది. జలుబు చేసి ఒళ్ళు బాగోని రోజున తొంభై ఏడు.

"ఇదేంటండీ?" అని అడిగింది, గ్లాసు తుడుస్తూ.

"మన కొత్త లెక్క, మిలాడా గారూ," అన్నాడు వోస్తాల్. కొట్టు కొత్త యజమాని. వసంతకాలంలో కొన్నాడు. అంతకుముందు బ్ర్నో నగరంలో స్నానాల గదులకి పలకలు అమ్మేవాడు. ఎప్పుడూ నవ్వుతూనే ఉంటాడు. కోప్పడడం అతనికి చేతకాదు. కోప్పడే మనిషైతే కనీసం ఎదురు తిరగొచ్చు, ఈ నవ్వుతో ఏం చెయ్యాలో ఎవరికీ తెలీదు.

"పీపాలు పెద్దవి తెప్పిస్తున్నారా?"

"లేదండీ, పీపా అదే."

"మరి పైన ఎనిమిది గ్లాసులు ఎక్కణ్ణుంచి పిండమంటారు? పీపాకి పొదుగుందా?"

వోస్తాల్ ఆ మాటకి కూడా నవ్వాడు. చొక్కా చేతులు మడిచి కుళాయి దగ్గరకొచ్చాడు. పొడి గ్లాసు తీసుకున్నాడు, చన్నీళ్ళలో ముంచనైనా లేదు. కుళాయి సగమే తిప్పాడు. సగం తిప్పితే బీరు చిరాకుపడి బుసబుసా నురగ కక్కుతుందని మిలాడా మొదటి వారంలోనే నేర్చుకుంది. కుళాయి తిప్పితే పూర్తిగా, ఒక్కసారే తిప్పాలి. వోస్తాల్ గ్లాసులో నురగ అంచు దాటి టోపీలా పైకి లేచింది. చూడ్డానికి మాత్రం ముచ్చటగా ఉంది.

"చూశారా, ఎంత బాగుందో! నురగ తక్కువైతే గొడవ చేస్తారు గానీ, ఎక్కువైందని ఎవడైనా గొడవ చేశాడా? మన జనం కళ్ళతో తాగుతారండీ."

మిలాడా గ్లాసు తన వైపు తిప్పింది. గ్లాసు మీద, పట్టుకునే చెవికి ఒక పక్కగా, సన్నటి గీత ఉంటుంది. బీరు అక్కడిదాకా ఉండాలి, నురగ ఆ పైన ఉండాలి. ఇప్పుడా గీత నురగలో మునిగిపోయి ఉంది.

"ఈ నురగ దిగితే బీరు గీతకి వేలెడు కిందుంటుంది," అంది.

"దిగితే కదా! ఎవరు దిగనిస్తారు చెప్పండి?"

అతను చెప్పింది నిజం. పలకలు అమ్ముకునేవాడు వచ్చి, ముప్పై ఏళ్ళలో తనకి తట్టని సంగతి మూడు నెలల్లో కనిపెట్టాడు. ఈ ఊళ్ళో, ఆ మాటకొస్తే ఈ దేశంలోనే, ముందుకొచ్చిన బీరుని ముట్టుకోకుండా నురగ దిగనిచ్చేవాడిని మనిషిగా లెక్కెయ్యరు. గ్లాసు బల్లని తాకకముందే చెవి పట్టుకుంటారు. మొదటి గుక్కలోనే నాలుగో వంతు పోతుంది, దానితోపాటు సాక్ష్యమూ కడుపులోకి పోతుంది. ఆ తర్వాత గీత ఎక్కడుంటే ఎవడికి పట్టింది?

"మీకు ఇబ్బందైతే చెప్పండి, నేనేమీ అనుకోను," అన్నాడు వోస్తాల్ అదే నవ్వుతో. "మనుషుల్ని పంపే కంపెనీ ఒకటుంది. ఎప్పుడు కావాలన్నా పంపుతామన్నారు."

మిలాడాకి యాభై ఏడేళ్ళు. పింఛను రావాలంటే ఇంకా ఆరేళ్ళు ఆగాలి. ఊళ్ళో గాజు ఫ్యాక్టరీ ఎప్పుడో మూతబడింది. మిగిలింది రంపపు మిల్లు ఒక్కటే, దుంగలెత్తడానికి అక్కడ ఆమెని ఎవరు తీసుకుంటారు? గ్లాసు తీసుకెళ్ళి తొట్టిలో ఒంపేసింది.

మధ్యాహ్నం రెండున్నరకి మిల్లువాళ్ళు వచ్చారు. కుబాత్ ముందుగా వచ్చాడు. నలభై అయిదేళ్ళ మనిషి, ఎడమచేతికి చిటికెన వేలు లేదు, ఆ లోటు గొంతులో తీర్చుకుంటాడు. తలుపు దగ్గర్నుంచే "అక్కా, నాలుక పిడచకట్టుకుపోయింది!" అని కేకేశాడు.

మిలాడా కుళాయి సగం తిప్పింది. నురగ లేచింది. గ్లాసు పట్టుకెళ్ళి ఎప్పట్లాగే గీత తాగేవాడి వైపు ఉండేలా, చెవి కుడిచేతి వైపు ఉండేలా పెట్టింది. అది తనకి ఈ పని నేర్పిన ముసలాయన పద్ధతి. గీత దాచిపెట్టి గ్లాసు పెట్టడమంటే ముఖం చాటేసి పలకరించడమేనని చెప్పేవాడాయన.

కుబాత్ గ్లాసు చూశాడు. మిలాడా ఊపిరి బిగబట్టింది. ఇప్పుడు అరుస్తాడు. అరవాలి. ఇదేంటక్కా, బీరు ఎక్కడ, ఇది గడ్డం గీసుకునే సబ్బా అని అడగాలి.

"అబ్బ, ఏం నురగ అక్కా ఇవాళ! మీగడలా ఉంది," అన్నాడు కుబాత్. నాలుగు గుక్కల్లో సగం గ్లాసు ఖాళీ చేసి మూతి తుడుచుకున్నాడు.

పీపా మార్చే నెపంతో మిలాడా నేలమాళిగలోకి దిగి, చల్లటి పీపాకి వీపానించి నిలబడింది. ఏడవలేదు. ఒళ్ళు మండిపోయింది. వోస్తాల్ మీద కాదు, కుబాత్ మీద. ఇరవై ఏళ్ళుగా నా చేత్తో తాగుతున్నాడు, వెధవకి కళ్ళు పోయాయా? తర్వాత ఆలోచిస్తే కోపం కాస్తా సిగ్గుగా మారింది. కళ్ళు పోవడం కాదు, నమ్మకం. కుళాయి దగ్గర మిలాడా ఉండగా గ్లాసు వైపు చూడాల్సిన పనేముంది? ఆ నమ్మకం ముప్పై ఏళ్ళు తనే పెంచింది. ఇప్పుడు కంచే చేను మేస్తోంది.

బుధవారం ఆమె ఒక పిచ్చిపని చేసింది. ఇంకా తగ్గించి పోసింది. ఒక వేలు కాదు, ఒకటిన్నర. ఎవరో ఒకరు కనిపెట్టి బల్ల గుద్ది అరుస్తారని, ఆ అరుపుతో ఈ తద్దినం వదిలిపోతుందని ఆశ. పోస్టాఫీసావిడ తాగి వెళ్ళిపోయింది. పశువుల డాక్టరు రెండు తాగి, ఊరబెట్టిన సాసేజీ ఒకటి తిని, వంటావిడ యిర్జినాతో మిరపకాయలు సరిపోలేదని పేచీ పెట్టుకున్నాడు. సాసేజీలో మిరపకాయ ముక్క తక్కువైతే కనబడింది మహానుభావుడికి, గ్లాసులో బీరు తక్కువైతే కనబడలేదు. సాయంత్రానికి పీపా నూట ఎనిమిది గ్లాసులిచ్చింది. వోస్తాల్ ఆమె భుజం తట్టి, "చూశారా, అలవాటైపోతుంది," అన్నాడు.

భుజం మీద చెయ్యి పడ్డ చోటు ఇంటికెళ్ళాక కూడా మిలాడాకి గుర్తుకొస్తూనే ఉంది.

గురువారం మూడు గంటలకి యారోలీమ్ వచ్చాడు.

రైల్వేలో నలభై ఏళ్ళు సిగ్నళ్ళు చూసిన మనిషి. డెబ్భై ఆరేళ్ళు. భార్య ఓతీలియని పూడ్చిపెట్టి మూడు వారాలైంది. ఆ తర్వాత కొట్టులో అడుగు పెట్టడం ఇదే మొదలు. తలుపు తెరుచుకోగానే మాటలు ఆగిపోయాయి. కుబాత్ లేచి నిలబడ్డాడు, ఎందుకు లేచాడో తెలీక మళ్ళీ కూర్చున్నాడు. యారోలీమ్ కోటు విప్పి కొక్కేనికి తగిలించాడు. కిటికీ పక్కన తమ బల్ల దగ్గరకెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు. ఎదుటి కుర్చీ కొంచెం వెనక్కి లాగిపెట్టాడు, ఎవరో వచ్చి కూర్చోబోతున్నట్టు.

మిలాడా బల్ల వెనకనుంచి వచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

"రెండు," అన్నాడు యారోలీమ్. "ఎప్పట్లాగే."

కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా మిలాడా కుళాయి దగ్గరకెళ్ళింది. ఓతీలియ మహా ఘటికురాలు. మొగుడు సగం తాగేలోపు తన గ్లాసు ఖాళీ చేసి, "రైలు ఆలస్యం," అని వెక్కిరించేది. పెళ్ళైన కొత్తలో ఈ కొట్టులో ఆడవాళ్ళు కూర్చోవడం బాగోదని ఎవడో అంటే, "నువ్వు లేచి వెళ్ళు, బాగుంటుంది," అందట. అవన్నీ గుర్తొచ్చి మిలాడా ముక్కు ఎగబీలుస్తూ రెండు గ్లాసులు పట్టింది. తీసుకెళ్ళి ఒకటి అతని ముందు పెట్టింది, గీత అతని వైపు. రెండోది ఖాళీ కుర్చీ ముందు పెట్టింది, గీత కుర్చీ వైపు.

యారోలీమ్ తన గ్లాసెత్తి రెండోదానికి మెల్లగా తాకించాడు. తాగాడు. రెండో గ్లాసు అలాగే ఉంది. కుబాత్ మెల్లగా పక్క బల్లకి జరిగి, ఓతీలియ ఒకసారి రైల్వే పైఅధికారిని ప్లాట్‌ఫారం మీద నిలబెట్టి కడిగేసిన కథ మొదలుపెట్టాడు. పశువుల డాక్టరు నవ్వాడు. యారోలీమ్ కూడా నవ్వాడు. పది నిమిషాలు గడిచాయి, ఇంకా ఎక్కువే కావచ్చు.

చనిపోయిన మనిషికి పోసిన బీరు ఎవరూ ముట్టుకోరు. ఆ గ్లాసులో నురగ తన దారిన తను దిగుతూనే ఉంది.

యారోలీమ్ కబుర్లు వింటూనే దాన్ని చూస్తున్నాడు. నలభై ఏళ్ళు ఎర్ర దీపమా, పచ్చ దీపమా అని చూసిన కళ్ళు. కాసేపటికి నవ్వడం మానేశాడు. గ్లాసుని చెవి పట్టుకుని నెమ్మదిగా తన వైపు తిప్పుకున్నాడు.

"మిలాడా, ఒకసారి ఇలా రా."

ఆమె వెళ్ళింది. వెళ్తుండగానే తెలిసిపోయింది. మిల్లువాళ్ళకి తక్కువ పొయ్యడం తెలిసి చేసిన పని. కానీ ఇందాక, కన్నీళ్ళు తుడుచుకుంటూ, ఆమె కుళాయి సగం తిప్పాలని అనుకోనేలేదు. రెండు రోజుల్లో చెయ్యి నేర్చేసుకుంది. ఎవరూ చెప్పకుండానే, తనంతట తనే చేసేసింది. ముప్పై ఒక్క ఏళ్ళు కష్టపడి నేర్చుకున్నది రెండు రోజుల్లో మరిచిపోయే చెయ్యి కూడా ఒక చెయ్యేనా?

"ఇది ఓతీలియది," అన్నాడు యారోలీమ్.

"తెలుసండీ."

"చూడు."

నురగ పలచగా, తెల్లటి చారలా మిగిలింది. దాని కింద బీరు గీతకి ఒక వేలు దిగువన ఉంది. ఎండ కిటికీలోంచి సూటిగా గ్లాసు మీద పడుతోంది. చత్వారం ఉన్నవాడికి కూడా కనబడుతుంది.

కుబాత్ ముందుకి వంగి గ్లాసు చూశాడు, మిలాడాని చూశాడు, మళ్ళీ గ్లాసు చూశాడు. "పీపా అడుగుకొచ్చినట్టుంది," అన్నాడు గబగబా. "అడుగున అంతే, నురగెక్కువొస్తుంది."

"గొట్టం వేడెక్కుంటుంది," అన్నాడు పశువుల డాక్టరు. "ఈ ఎండలకి."

వాళ్ళు తనకోసం అబద్ధాలు వెతుకుతున్నారు. దొంగ అనేస్తే బాగుండు అనిపించింది మిలాడాకి. ఆ సాకులే చెంపదెబ్బల్లా తగిలాయి. ఇంతలో వోస్తాల్ గది తలుపు దగ్గర ప్రత్యక్షమయ్యాడు.

"అయ్యో పెద్దాయనా, పొరపాటు జరిగింది, ఏమీ అనుకోకండి. మిలాడా గారూ, పాపం ఆయనకి వెంటనే పొయ్యండి."

పొరపాటు అని ఊరుకుంటే సరిపోయేది. తలూపి, గ్లాసు తీసుకెళ్ళి నింపి తెస్తే, రేపు మళ్ళీ కుళాయి, మళ్ళీ నూట ఆరు, మళ్ళీ నెల జీతం. మిలాడా ఏప్రను మీద చేతులు తుడుచుకుంది.

"పీపా అడుగుకి రాలేదు," అంది. "పొద్దున్నే మార్చాను. గొట్టం కూడా చల్లగానే ఉంది. నేనే తక్కువ పోశాను. మంగళవారం నుంచి ఇక్కడ తాగిన ప్రతివాడికీ తక్కువే పోస్తున్నాను. నిన్నయితే ఒకటిన్నర వేలు తగ్గించాను, మీలో ఒక్కడైనా చూస్తాడేమోనని. ఒక్కడూ చూళ్ళేదు! కుబాత్, నువ్వు మీగడలా ఉందని మెచ్చుకున్నావు. మీ అందరి మొహాలూ చూస్తే ఏడుపొచ్చింది నాకు."

"అక్కా..." అన్నాడు కుబాత్.

"అక్కా లేదు, తొక్కా లేదు. బుద్ధుంటే ఇకనుంచి చూసి తాగు."

ఇత్తడి స్తంభం దగ్గరకెళ్ళి అట్టముక్క పీకింది. జిగురు గట్టిగా పట్టుకుంది, గోళ్ళతో గీకి మరీ పీకింది. తెచ్చి ఓతీలియ గ్లాసు కింద పెట్టింది. "ఇదుగోండి, ఇదీ లెక్క. పీపాకి నూట ఆరు."

గ్లాసు పారబొయ్యబోతే యారోలీమ్ చెయ్యి అడ్డుపెట్టాడు. "వద్దు. అది అక్కడే ఉండనీ."

ఆ తర్వాత గంటసేపు మిలాడా ఒక్కొక్క గ్లాసునీ చన్నీళ్ళలో ముంచి, కుళాయి పూర్తిగా తిప్పి, గీతదాకా పోసింది. వోస్తాల్ అడ్డురాలేదు. జనం పలచబడ్డాక వంటింటి గుమ్మం దగ్గరకి పిలిచి, నవ్వుతూనే చెప్పాడు. "బాగా అలిసిపోయారండీ మీరు. రేపు విశ్రాంతి తీసుకోండి. ఎల్లుండి కూడా. తర్వాత సంగతి ఉత్తరం రాస్తాను."

లోపల యిర్జినా గరిటె గిన్నెకేసి కొట్టి, "నీ విశ్రాంతి తగలడా!" అంది, వినబడేటట్టుగానే.

శుక్రవారం పొద్దున్న మిలాడా ఇంట్లో కిటికీ అద్దాలు తుడిచింది. తుడిచినవే మళ్ళీ తుడిచింది. పదిన్నరకి, కొట్టు తెరిచే వేళకి, చేతులు వాటంతటవే తాళంచెవుల కోసం వెతికాయి. ఆరేళ్ళు ఎలా గడుస్తాయో ఆలోచించబోయి మానేసింది. ఆ ఆలోచన వెంట పోతే లేచి నిలబడలేననిపించింది. రెండున్నర దాటాక, ఓతీలియని పూడ్చిన రోజు వేసుకున్న మంచి కోటే మళ్ళీ వేసుకుని బయల్దేరింది. బీరు కొనుక్కుని తాగొద్దని ఏ ఉత్తరంలోనూ రాయలేరు కదా.

కొట్టు నిండిపోయి ఉంది. శుక్రవారమైనా అంత జనం ఎప్పుడూ ఉండరు. మిల్లులో మొదటి షిఫ్టంతా దిగింది. పోస్టాఫీసావిడ మొగుణ్ణి కూడా వెంటబెట్టుకొచ్చింది. కుళాయి దగ్గర వోస్తాల్ స్వయంగా నిలబడ్డాడు, కొత్త ఏప్రను కట్టుకుని. కిటికీ పక్క బల్ల మీద నిన్నటి గ్లాసు ఉంది, కింద అట్టముక్కతో సహా. యిర్జినా రాత్రి దాన్ని వంటింటి అలమరలో దాచి, పొద్దున్నే తెచ్చి మళ్ళీ అక్కడే పెట్టిందట.

"ఇక్కడ కూర్చో," అన్నాడు యారోలీమ్, ఖాళీ కుర్చీ చూపించి.

"అది ఓతీలియ గారిదండీ."

"ఖాళీ కుర్చీ అంటే లోకువైపోతోంది. మనిషుంటే మంచిది. కూర్చో."

మిలాడా కూర్చుంది. ముప్పై ఒక్క ఏళ్ళలో బల్లకి ఇటువైపు కూర్చోవడం ఇదే మొదటిసారి. ఇటునుంచి చూస్తే కుళాయి ఇంత దూరమా అనిపించింది.

వోస్తాల్ చకచకా గ్లాసులు పడుతున్నాడు. పొడి గ్లాసులు, సగం తిప్పిన కుళాయి, టోపీలు పెట్టుకున్న నురగ. ఇరవై ముగ్గురికి ఇరవై మూడు గ్లాసులు. పళ్ళెంలో పెట్టుకుని తనే పంచాడు. "తాగండి, తాగండి!" అన్నాడు.

ఎవరూ ముట్టుకోలేదు.

మొదట వోస్తాల్‌కి అర్థం కాలేదు. గ్లాసుల ముందు ఇరవై ముగ్గురు చేతులు కట్టుకు కూర్చున్నారు, చర్చిలో కూర్చున్నట్టు. కుబాత్ పరిస్థితి మరీ ఘోరం. చెయ్యి దానంతటదే గ్లాసు మీదికి పోతుంటే, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాడు.

"నా జన్మలో చెయ్యని పాపం చేయిస్తున్నావక్కా," అని గొణిగాడు. "మా తాత చూస్తే సమాధిలోంచి లేచొచ్చి తంతాడు."

"మాట్లాడకు. చూడు," అంది మిలాడా.

"ఏమైందండీ? బీరు బాగోలేదా?" అన్నాడు వోస్తాల్. జవాబు లేదు. "వేడెక్కిపోతోంది," అన్నాడు. దానికీ జవాబు లేదు. నురగ బుడగలు పగిలే చిన్న చప్పుడు తప్ప ఏమీ లేదు. అంత మంది ఉన్న చోట ఆ చప్పుడు వినబడడం మిలాడా ఎప్పుడూ ఎరగదు. మెల్లగా ఒక్కొక్క గ్లాసులో నురగ కిందికి జారింది. ఒక్కొక్క గ్లాసు మీద గీత బయటపడింది. ఇరవై మూడు గీతలు. ఏ ఒక్క గ్లాసులోనూ బీరు గీతని అందుకోలేదు.

కుబాత్ లేచాడు. గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని కుళాయి దగ్గరకి నడిచాడు. అంత మృదువుగా మాట్లాడడం అతనికి తెలుసని ఎవరూ అనుకోలేదు.

"కొంచెం పొయ్యండి సార్."

అతని వెనక పశువుల డాక్టరు నిలబడ్డాడు. అతని వెనక పోస్టాఫీసావిడ, ఆవిడ మొగుడు. వరస తలుపుదాకా సాగింది. వోస్తాల్ తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా ఒక్కొక్క గ్లాసూ నింపాడు. నింపితే మళ్ళీ నురగ లేచింది. జనం మళ్ళీ కూర్చున్నారు, మళ్ళీ చేతులు కట్టుకున్నారు, దిగాక మళ్ళీ లేచారు. బీరు గీతని అందుకున్నాకే తాగి, ఇంకో గ్లాసు అడిగారు. కుళాయి సగం తిప్పే చేతికి నురగ తప్ప ఇంకేం వస్తుంది? గ్లాసులు పొంగాయి, తొట్టి నిండింది, అతని కొత్త ఏప్రను తడిసి ముద్దయింది. నాలుగున్నరకి పీపా అయిపోయింది. యిర్జినా వంటింటి కిటికీలోంచి లెక్కపెడుతూనే ఉంది.

"ఎనభై మూడు!" అని అరిచింది. "నూట ఆరు అన్నారు, మిగతా ఇరవై మూడూ తొట్టి తాగింది!"

కొట్టంతా పగలబడి నవ్వింది. మూడు నెలల్లో మొదటిసారి వోస్తాల్ మొహంలో నవ్వు లేదు. నవ్వు లేకపోతే మనిషి కొంచెం చిన్నవాడిలా, కొంచెం మంచివాడిలా కూడా ఉన్నాడని మిలాడాకి తోచింది. జాలిపడడానికి మాత్రం ఆమె సిద్ధంగా లేదు.

అతను వచ్చి కిటికీ పక్క బల్ల ముందు నిలబడ్డాడు.

"మీకేం కావాలి, మిలాడా గారూ?"

"అరలీటరు."

"అది కాదండీ..."

"ఇంకేం అక్కర్లేదు. డబ్బిచ్చి తాగడానికొచ్చాను. మీరు పోస్తే తాగుతాను. గ్లాసు ముందు చన్నీళ్ళలో ముంచండి, పొడి గ్లాసులో పొయ్యకండి."

వోస్తాల్ ఫోను తీసుకుని వాకిట్లోకి వెళ్ళాడు. కుళాయి దగ్గర ఎవరూ లేరు. కుబాత్ మిలాడా వైపు చూశాడు. అందరూ చూశారు.

"నన్ను చూస్తారేంటి? నేనిక్కడ పనిచెయ్యట్లేదు," అంది. మాట విసురుగానే వచ్చింది, కానీ కోటు జేబులో చేతులు నిలవడం లేదు.

అయిదు నిమిషాలకి వోస్తాల్ తిరిగొచ్చాడు. కంపెనీవాళ్ళు సోమవారం దాకా ఎవరినీ పంపలేమన్నారని అతను చెప్పలేదు. చెప్పక్కర్లేదు, మొహం మీదే రాసుంది. శుక్రవారం సాయంత్రం, ఇరవై ముగ్గురు కూర్చుని ఉన్నారు, తలుపు తీసుకుని ఇంకో నలుగురు వస్తున్నారు. అతను తడి ఏప్రను విప్పి బల్ల మీద పెట్టాడు.

"రండి," అన్నాడు.

"ఏ లెక్కకి?"

అతను గ్లాసు కింది అట్టముక్క వైపు చూశాడు. గుటక మింగాడు. "తొంభై ఎనిమిది."

"తొంభై ఏడు," అంది మిలాడా. "ఈ వారం మీరు నేర్పింది నా చెయ్యి మరిచిపోవాలి. దానికో గ్లాసు ఖర్చవుతుంది. సోమవారం ఎవరైనా వస్తే, వాళ్ళకి నేను నేర్పుతాను, మీరు కాదు. ఉత్తరం గిత్తరం రాయకండి."

వోస్తాల్ కుళాయి వైపు దారి విడిచి పక్కకి తప్పుకున్నాడు. అతను సోమవారం ఏం చేస్తాడో ఆమెకి తెలీదు, అతనికీ తెలిసుండదు. కానీ అంతమంది ముందు తొంభై ఏడుకి తల వంచాడు, అది అందరూ చూశారు.

కోటు విప్పి యారోలీమ్ కోటు పక్కన తగిలించింది. కొక్కేనికి తన పాత ఏప్రను అక్కడే ఉంది. కొత్త పీపా తగిలించి, మొదటి నురగ వదిలేసింది. రెండు గ్లాసులు చన్నీళ్ళలో ముంచి తీసింది. కుళాయి మీద చెయ్యి వేసి ఒక్క క్షణం ఆగింది, ఆ చేతిని తనే నమ్మలేక. తర్వాత ఒక్కసారిగా పూర్తిగా తిప్పింది. బీరు చప్పుడు లేకుండా, నురగ కిందనుంచి, బరువుగా పైకొచ్చింది.

గ్లాసులు రెండూ యారోలీమ్ బల్ల మీద పెట్టింది. నిన్నటి గ్లాసు పక్కకి జరిపి, ఓతీలియది కుర్చీకి ఎదురుగా పెట్టింది. యారోలీమ్ చెయ్యి అలవాటుగా తన గ్లాసు చెవి మీదికి వెళ్ళింది.

మిలాడా గ్లాసు మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగండి."

"ఎందుకు? నువ్వే కదా పోశావు?"

"అందుకే."

ముసలాయన ఆమె మొహంలోకి చూశాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆమె అక్కడే నిలబడింది, చేతులు ఏప్రనులో చుట్టుకుని. కుబాత్ కుర్చీ దగ్గరకి లాక్కున్నాడు. పశువుల డాక్టరు కళ్ళజోడు పెట్టుకున్నాడు. నురగ తొందరపడకుండా, తనకి తోచినంత తీరిగ్గా దిగింది. ముందు ఓతీలియ గ్లాసు మీద గీత కనబడింది, తర్వాత యారోలీమ్ గ్లాసు మీద. రెండింటిలోనూ బీరు గీతకి వెంట్రుకవాసి పైన నిలిచింది.

యారోలీమ్ తన గ్లాసెత్తి ఓతీలియ గ్లాసుకి తాకించి, ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు.

"వేడెక్కిపోయింది," అన్నాడు.

"ఎక్కనివ్వండి," అంది మిలాడా. తర్వాతి గ్లాసు కోసం కుళాయి వైపు నడిచింది.